ఐదున్నర గంటలు

మా పాప ప్రేమకి జ్వరంతో మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు నేను బందరులో ప్రెస్సులో ఉన్నాను. కబురు తెలిశాక అవనిగడ్డలో మా ఇంటికి చేరడానికి బస్సులో గంటన్నర పట్టింది. పక్కింటి సత్యవతి గారు దాన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తబట్టి గండం గడిచింది. అప్పటి నుంచి ఆ బస్సెక్కాలంటే నాకు కాళ్ళు రావు.

"ఇంటి దగ్గరే టైపు చేస్తానండీ" అని ప్రెస్సు ఓనరు గోవర్ధనరావు గారిని బతిమాలాను.

"ఒళ్ళో పిల్లని పెట్టుకునా? ఇక్కడ కుదురుగా కూర్చునే ఒత్తులు మింగేస్తున్నావు" అన్నారు. అన్నారే గాని, మూలనున్న పాత కంప్యూటర్ ఇచ్చారు. కూచిపూడిలో పిల్లల డాన్సు ప్రోగ్రాం కరపత్రం చేతిలో పెట్టి, శనివారం ఒంటిగంటకల్లా మెయిల్లో పంపమన్నారు. పంపితే ఇకమీదట ఇంటి దగ్గరే పని. లేకపోతే సోమవారం నుంచి మళ్ళీ బస్సే.

ప్రెస్సులో వాడే తెలుగు అక్షరాల ప్రోగ్రాం ఆ కంప్యూటర్లోని పాత విండోస్‌లోనే నడుస్తుంది. అందులో మెయిల్ తెరుచుకోదు. అందుకని పాతది ఉంచి, పక్కనే లినక్స్ అనే కొత్తది ఎక్కించుకోమన్నారు ప్రెస్సు కంప్యూటర్లు బాగుచేసే ఏసుపాదం గారు. పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపి, శనివారం పొద్దున్నే ఫోన్లో చెప్పడం మొదలుపెట్టారు. ప్రేమకి రాత్రి నుంచి మళ్ళీ జ్వరం. నాకు కునుకు లేదు. మా ఆయన, నేను బావ అనే పిలుస్తాను, ఐసు వ్యాను తీసుకుని తెల్లవారకముందే గిలకలదిండి చేపల రేవుకి వెళ్ళిపోయాడు.

"ఒకే కొంపలో ఇద్దరు తోడికోడళ్ళని పెడుతున్నాం అమ్మాయ్. చెరో వంటిల్లు ఇయ్యాలి. 'రెండూ పక్కపక్కన' అని ఉందా?" అన్నారు ఏసుపాదం గారు.

"ఉందండీ."

"అది నొక్కు. కింద 'మొత్తం చెరిపెయ్యి' అని ఉంటది. దాని జోలికెళ్ళావా, గోవర్ధనరావు గారు మనిద్దర్నీ చెరిపేస్తారు."

నవ్వే ఓపిక లేదు. ఇంటర్ మధ్యలో మానేసినదాన్ని, ఏది నొక్కితే ఏం పోతుందోనని ప్రతి మాటా ఆయనకి చదివి వినిపించాకే నొక్కాను. ఎలాగో ఎక్కింది. ఇక మీట నొక్కి కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా పాతదా కొత్తదా అని అడుగుతుంది. పది సెకన్లలో చెప్పకపోతే కొత్తదాంట్లోకే వెళ్ళిపోతుంది. రెండుసార్లు ప్రేమ ఏడ్చింది, రెండుసార్లూ లేచి వెళ్ళాను, రెండుసార్లూ అది కొత్తదాంట్లోకి వెళ్ళి కూర్చుంది. మూడోసారి పిల్లని చంకనేసుకునే నొక్కాను.

పాతది తెరుచుకుంది గాని, దాని గడియారం తెల్లవారుజాము నాలుగుంపావు చూపిస్తోంది. ఫోన్లో పావు తక్కువ పది. ఫోను చూసి సరిచేశాను. జ్వరం మందు ఆరు గంటలకోసారి వెయ్యాలి కదా, టైము తప్పుగా ఉండకూడదని.

కరపత్రం పూర్తయింది. పదకొండింటికి మందు వేశాను. మెయిల్ పంపడానికి మళ్ళీ కొత్తదాంట్లోకి వెళ్తే, నెట్ ఇవ్వాల్సిన ఫోను చార్జింగ్ లేక ఆరిపోయింది. దాన్ని వంటింట్లో చార్జింగ్‌కి పెట్టి, ప్రేమని భుజాన వేసుకుని కుర్చీలో కూలబడ్డాను.

కళ్ళు తెరిచేసరికి గదంతా చీకటిగా ఉంది. బయట మబ్బు. గోడ గడియారం ఆగిపోయి నెలయింది. కంప్యూటర్లో చూస్తే ఐదూ నలభై.

ఒంటిగంట ఎప్పుడో దాటిపోయింది. పని పోయింది. అదీ కాక ఐదింటికి వెయ్యాల్సిన మందు కూడా దాటిపోయింది. ప్రేమ ఒళ్ళు వెచ్చగానే ఉంది. మళ్ళీ ఫిట్స్ వస్తాయేమోనన్న భయంతో గబగబా సీసా తీసి మూత నిండా పోసి తాగించాను. అప్పుడు వెళ్ళి ఫోను ఆన్ చేశాను.

మధ్యాహ్నం పన్నెండూ పన్నెండు.

గంటన్నర తిరక్కముందే రెండోసారి మందు పోశాను. నా చేత్తోనే. వెంటనే ఆసుపత్రి నంబరు నొక్కాను.

"ఎంతెంత పోశావు తల్లీ? సరిగ్గా చెప్పు" అంది ఆసుపత్రి నర్సమ్మ. చెప్పాను. డాక్టరు గారిని అడిగి వచ్చింది. "ఈ ఒక్కసారికి భయం లేదంటున్నారు. మేం చెప్పేదాకా మళ్ళీ వెయ్యకు. వాంతులైనా, మగతగా ఉన్నా వెంటనే తీసుకొచ్చెయ్. టైము చూసుకోవద్దూ?"

చూసుకునే వేశానని ఎవరికి చెప్పను?

ప్రేమ ఊపిరి లెక్కపెట్టుకుంటూ, ఒక చేత్తోనే మెయిల్ పంపాను. ఒంటిగంటకి ఇంకా ఐదు నిమిషాలుంది.

ఏసుపాదం గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "తప్పు నాదే అమ్మాయ్. లోపలి గడియారం ఒకటే. పాతది దాన్ని మన టైము అనుకుంటది, కొత్తది లండన్ టైము అనుకుంటది, ఎక్కగానే అదే పెట్టేసింది. నువ్వు పాతదాంట్లో దిద్దావు, నెట్ లేక కొత్తది దానికి ఐదున్నర గంటలు కలిపేసుకుంది. ముందే చెప్పాల్సింది." ఒక లైను చెప్పి టైపు చేయించారు. ఆ తర్వాత రెండింట్లోనూ ఒకే టైము.

గోవర్ధనరావు గారు మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేశారు. "'నాట్య'లో ఒత్తు మింగావు. సరే, సోమవారం ఇంకో నాలుగు పేజీలు పంపిస్తా. ఇంటి దగ్గరే చెయ్."

"అలాగేనండీ" అన్నాను. సంతోషించాల్సిన మాటే. ప్రేమ మేలుకుని బొమ్మ కోసం చెయ్యి చాపేదాకా నాకు ఆ మాట ఎక్కలేదు.

బావకి ఫోన్ చేశాను.

"పిల్లెలా ఉంది?"

"ఆడుతోంది. టైమెంతయింది బావా?"

"నీ చేతిలో ఫోనుందిగా!"

"ఉందిలే. నువ్వు చెప్పు."