పైలట్ పంపకాలు

మొగుడితో తెగతెంపులవుతున్నాయన్న బెంగ కంటే, గుర్రం చేజారిపోతుందేమోనన్న బెంగే సుమలతకు ఎక్కువగా పట్టుకుంది. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

"మొగన్ని వాళ్ళమ్మనే ఉంచుకోమను. పైలట్‌ను మాత్రం ఇడిసేది లేదు," అని వీధి వీధంతా వినేలా చెప్పింది.

పైలట్ అంటే శంషాబాద్ చుట్టుపక్కల పెళ్ళి బరాత్ ఊరేగింపుల్లో బగ్గీ లాగే తెల్ల గుర్రం. నెత్తి మీద నుంచి విమానం చక్రాలు దించుకుంటూ పోతున్నా చెవి కూడా కదపదు కాబట్టి దానికా పేరు. తల్లి లేని పిల్లగా ఇంటికి వస్తే సీసాతో పాలు పట్టి పెంచింది సుమలత. బగ్గీ చేయించి, రంగు లైట్లు, మఖ్మల్ గొడుగు, జనరేటర్ సమకూర్చి, బరాత్‌ల వ్యాపారంగా నిలబెట్టింది ఆమె మొగుడు మల్లేశ్వర్. ఇద్దరిలో ఎవరి కష్టం ఎక్కువ అన్నది ఎప్పటికీ తేలేది కాదు. తేల్చుకుందామని ఇద్దరూ బగ్గీ కట్టిన నాటి నుంచి ప్రయత్నిస్తూనే ఉన్నారు.

ఆ ప్రయత్నానికి ఒక వేళా, ఒక చోటూ ఉండేవి. బరాత్ నడుస్తున్నంత సేపూ గుర్రానికి ఈ పక్క ఆమె, ఆ పక్క అతను కళ్ళెం పట్టుకుని నడిచేవారు. డీజే హోరులో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో, పెళ్ళికొడుకు ఇంటి దగ్గర మొదలుపెట్టి ఫంక్షన్ హాల్ గేటు దాకా, గుర్రం మెడ మీదుగా ఒకరినొకరు కడిగి ఆరేసేవారు. బగ్గీ వేళకు చేరేది. కొట్లాట వచ్చే బరాత్‌కు వాయిదా పడేది.

ఇట్లా సాగిపోతుండగా ఒక రోజు మల్లేశ్వర్ బావమరిది ఎదుట నోరు జారాడు, తన పెళ్ళాం కంటే గుర్రానికే తెలివి ఎక్కువని. సుమలత ఊరుకుంటుందా? అత్త ఎదుట, ఈ మనిషి కంటే గుర్రమే అందగాడంది. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండవచ్చు, కానీ నిజం చెప్పాక కాపురం చేయడం కష్టం. సుమలత ఇంటి గేటుకు తాళం వేసి పుట్టింటికి పోయింది. ఇద్దరూ కోర్టుకెక్కారు.

వకీళ్ళు ఇద్దరూ విడివిడిగా ఒకే సలహా ఇచ్చారు. కేసు తేలేదాకా ఒకరితో ఒకరు మాట్లాడొద్దు, తిట్టుకోవడం అసలే వద్దు, ఏ మాటైనా రేపు మీ మెడకే చుట్టుకుంటుంది అని. ఆ దంపతులు కలిసికట్టుగా ఒప్పుకున్న మొట్టమొదటి విషయం అదే.

సామాన్ల పంపకం మల్లేశ్వర్ పెదనాన్న కుర్మయ్య వాకిట్లో జరిగింది. గుర్రాన్ని అప్పటికే ఆయన కొట్టంలో కట్టేశారు. కుర్మయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని, బగ్గీ కొడుక్కి, జనరేటర్ కోడలికి, లైట్లు కొడుక్కి, గొడుగు కోడలికి అని తీర్పు చెప్పాడు.

"మామా, జనరేటర్ నేనేం జేసుకోవాలె? మా అమ్మోళ్ళ ఇంట్ల పిండి గిర్నీ నడపాల్నా? నాకేమొద్దు, పైలట్‌నియ్యి సాలు," అంది సుమలత.

"పెద్దబాపూ, గుర్రం లేని బగ్గీ నేను గుంజుకుంట పోవాల్నా? ఆమెకు జెప్పు," అన్నాడు మల్లేశ్వర్, పక్కనే ఉన్న పెళ్ళాం వైపు చూడకుండా.

"నువ్వు గుంజితే బగ్గీ ఇంక జర మెల్లగ పోతదని ఆయనకు జెప్పు మామా."

నడుమ కుర్మయ్య తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆయనే ఒక దారి తీశాడు. విడిపోవాలనుకోక ముందే ఒప్పుకున్న బరాత్ ఒకటి మిగిలి ఉంది. అందులో సగం దూరం సుమలత ఒక్కతే, మిగతా సగం మల్లేశ్వర్ ఒక్కడే గుర్రాన్ని నడపాలి. ఎవరి చేతిలో అది మంచిగా నడిస్తే వాళ్ళదే గుర్రం. దానికి వాళ్ళిద్దరూ సరేనన్నారు. సుమలతకైతే లోలోపల నవ్వొచ్చింది. తన చేతి పాలు తాగి పెరిగిన గుర్రం తన మాట కాక ఇంకెవరి మాట వింటుంది?

పెళ్ళి రోజు పొద్దెక్కింది. పెళ్ళికొడుకు జగన్ తలపాగా సర్దుకుని బగ్గీలో కూర్చున్నాడు. డీజే మోగింది, కుర్రాళ్ళు ఎగిరారు. సుమలత ఒక్కతే కళ్ళెం పట్టుకుని, "నడువు బిడ్డా," అంది.

పైలట్ నడవలేదు.

బెల్లం ముక్క పెట్టింది. తిన్నది గానీ నడవలేదు. మెడ నిమిరింది. కళ్ళు మూసుకుంది గానీ నడవలేదు. వెనక ఎయిర్‌పోర్టుకు పోయే కార్లు బారులు తీరాయి. హారన్లు డీజేని మించిపోయాయి. సుమలతకు చెమటలు పట్టాయి. గుర్రం మీద ఆశ జారిపోతుంటే, కళ్ళెం రెండు చేతులా పట్టి లాగింది.

"ఇగ నీ వంతురా," అన్నాడు కుర్మయ్య.

మల్లేశ్వర్ మీసం దువ్వి ముందుకొచ్చాడు. ఈల వేశాడు. బతిమాలాడు. వెనక నుంచి నెట్టాడు. పైలట్ తోకతో అతని మొహం తుడిచి, ఉన్నచోటే ఉంది.

"అన్నా, ఎదుర్కోలుకు ఆడపిల్లోళ్ళు నిలబడి చూస్తున్నరంట. నేను దిగి నడిచిపోతనే," అని జగన్ ఏడుపు మొహం పెట్టాడు.

"కూసో బిడ్డా, దిగితే అపశకునం," అని కుర్మయ్య అతన్ని కూర్చోబెట్టాడు.

చూసి చూసి సుమలతకు ఒళ్ళు మండింది. వకీలు మాట గాలికి పోయింది.

"ఏమయ్యా, నిన్న మామ కొట్టంల దానికేం బెట్టినవ్? తడి గడ్డి బెట్టినవ్ కదా? ఎన్నిసార్లు జెప్పిన, నీకు మెదడున్నదా?"

"నాకా మెదడు లేనిది? నీ లెక్క పొద్దుపొద్దుగాల్నే బెల్లం బెట్టి బద్ధకం నేర్పిన్నా?"

పైలట్ రెండు చెవులూ నిక్కబొడుచుకున్నాయి. ఒకటి ఆమె వైపు, ఒకటి అతని వైపు తిరిగాయి. తృప్తిగా ఒకసారి సకిలించి, గుర్రం టకటకా నడక మొదలుపెట్టింది.

ఇద్దరూ బిత్తరపోయి నోరు మూశారు. గుర్రం ఆగింది.

జనానికి విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత రోడ్డు రోడ్డంతా ఒక్కటే కేక.

"కొట్లాడుండ్రి!"

కారులోంచి ఒక పెద్దమనిషి తల బయటపెట్టి, "ఏవండీ, నాకు విమానం టైమైపోతోందండీ. దయచేసి కాస్త గట్టిగా తిట్టుకోండి," అని చేతులు జోడించాడు.

ఇద్దరూ చెరో పక్క కళ్ళెం అందుకుని మొదలుపెట్టారు. వాషింగ్ మెషిన్ గొడవతో పెట్రోల్ బంకు దాటారు. ఆడపడుచు సీమంతం గొడవతో మలుపు తిరిగారు. హిమాయత్ సాగర్ చూపిస్తానని తీసుకుపోయి, దారిలో దోస్తు కలిస్తే ఆమెను బండి మీదే మరిచిపోయిన గొడవ చాలా దూరం వచ్చింది. ఇన్నాళ్ళూ మాట్లాడక నిలవున్న సరుకు కదా, చకచకా ఖర్చయిపోయింది. హాల్ కనపడుతుండగా తిట్లు పలచబడ్డాయి, గుర్రం నడక మందగించింది.

"ఆ ఫ్రిజ్ ముచ్చట తియ్యి బిడ్డా!" అని కుర్మయ్య అందించాడు.

"అది ఇందాకనే అయిపాయె మామా," అంది సుమలత రొప్పుతూ. ఇక ఆమె దగ్గర ఒక్కటే మిగిలింది. అది బరాత్‌లో కాదు కదా, ఇంట్లో కూడా ఏనాడూ పైకి తీయనిది.

"నేను జ్వరంతోని దవాఖానల పడ్డప్పుడు వచ్చి ఏమడిగినవయ్యా? పైలట్ గడ్డి తింటలేదు, ఏం జెయ్యాలె అనడిగినవ్. నేనెట్లున్ననో అడిగినవా? సస్తనేమో అని నేను భయపడుతుంటే, నీకు గుర్రం గడ్డి పరేషానా?"

అడిగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అది గుర్రం కోసం వేసిన వేషం కాదు.

మల్లేశ్వర్ తల దించుకున్నాడు. "నిన్నడుగుదామనే వచ్చిన. నీ మొఖం జూడంగనే నోరు రాలే. అంతమంది ముందల ఏడుస్తనేమో అని గుర్రం ముచ్చట తీసిన. అన్నం తిననిది అదొక్కటే గాదు సుమా, నేను గూడ తినలే."

సుమలత గుర్రం మెడ మీదుగా అతని వైపు చూసింది. కోపం కోసం వెతుక్కుంది, చేతికి దొరకలేదు. గుర్రం గేటు ముందు ఆగిపోయింది. ఎదుర్కోలుకు వచ్చిన ఆడపిల్ల వారు హారతి పళ్ళెంతో ఎదురుగానే నిలబడి ఉన్నారు. కొట్లాడమని వెనక నుంచి మళ్ళీ కేకలు.

మల్లేశ్వర్ ఆమె తడి కళ్ళ వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "అయినా, నువ్వొండిన పప్పు మనుషులు తింటరానే?"

"మరి గిన్నె గీకి గీకి తినేటోడెవడు?" అంది సుమలత, ఏడుస్తూనే నవ్వుతూ.

పైలట్ నాలుగు అడుగులు వేసి గేటు లోపలికి చేరింది. జగన్ బగ్గీ దిగి, అందరికంటే ముందు గుర్రానికి దండం పెట్టాడు.

పెళ్ళివారు లోపలికి పోయాక కుర్మయ్య గోడ నీడన కూలబడ్డాడు. "ఇద్దర్ల ఒక్కరు గూడ నడపకపోతిరి. ఇగ గుర్రం ఎవరికని చెప్పాలె?"

సుమలత గుర్రం నొసలు నిమిరింది.

"బాలాపూరోళ్ళు ఇంకో బరాత్‌కు అడుగుతున్నరు మామా. ఉన్న కొట్లాటలన్ని ఇయ్యాల్నే ఒడిసిపాయె. కొత్తయి గావాలంటే ఒక్క ఇంట్ల ఉండాలె కదా," అంది, మొగుడి వైపు చూడకుండా.

"నేనైతే ఇంట్లకు పోవాలంటే గోడ దుంకుతున్న. తాళంచెవి నువ్వు పట్కపోతివి," అన్నాడు మల్లేశ్వర్, ఆమె వైపు చూడకుండా.

"తాళం ఎందుకు పగలగొట్టలే?"

"పగలగొడితే నువ్వు తిడ్తవని."

సుమలత కొంగు ముడి విప్పి, తాళంచెవి అతని చేతిలో పెట్టబోయింది. ఏమనుకుందో ఏమో, మళ్ళీ కొంగుకే ముడేసుకుంది.

"నడువు, నేనే తీస్త," అంది.