పొగమంచులో చెప్పిన జీతం

సముద్రం మీంచి పొగమంచు లేచిన రోజున ఇంగ్లండ్ రేవు ఊరు నార్త్ షీల్డ్స్‌లో ఇళ్లు నేల మీద నిలబడవు, తేలుతుంటాయి. ఆ తెల్లవారుజామున విన్నీకి తన ఇల్లు కూడా అలాగే కలలోకి వచ్చింది. వంటగది గోడ మెత్తగా ఊడి ఆ తెలుపులో కలిసిపోయింది. లేచి గోడ తడిమి చూసుకుంది. ఉంది. ఎన్నాళ్లుంటుందో మాత్రం తెలియదు.

అద్దెకని ఊరి కౌన్సిల్ ఇచ్చే సాయంలో కోత పడింది మరి. ఇంట్లో సంపాదించే కొడుకుంటే తల్లికిచ్చే సాయం తగ్గిస్తారు. వాడి జీతం ఎంత పెద్దదైతే కోత అంత పెద్దది. వాడు తల్లికి చిల్లిగవ్వ ఇస్తాడా లేదా అన్నది వాళ్లకు అనవసరం. ఏం న్యాయమో! విన్నీకి అన్నిటికన్నా పెద్ద కోతే పడింది. అద్దె బాకీ పేరుకుపోయి, ఇల్లు ఖాళీ చేయిస్తామని కబురు కూడా వచ్చింది.

విడ్డూరం ఏమిటంటే, ఆ కోత చూసి ఆవిడ మురిసిపోయింది. మా డెరిక్ చేపల రేవులో సూపర్‌వైజరు, పెద్ద జీతగాడు, అందుకే ఇంత కోశారని పక్కింటి మ్యూరియల్ దగ్గర గొప్పలు పోయింది. కొంప మునుగుతుంటే ఈ గొప్పలేమిటంటే ఏం చెప్తాం, తల్లి కదా. డెరిక్ కూడా ఆ ఊరి పెద్దపిల్లలందరిలాగే, తిండికీ పడకకీ అని ప్రతి శుక్రవారం గడియారం వెనక ఒక డబ్బు కవరు పెట్టేవాడు. కౌన్సిల్‌కి చూపించాలని జీతం చీటీ అడిగితే మాత్రం ఒకసారి పోయిందనేవాడు, ఇంకోసారి మరిచాననేవాడు.

బతిమాలుకుందామని ఆ ఉదయమే ఇద్దరూ కౌన్సిల్ ఆఫీసుకు బయల్దేరారు. రేవు దారిలో పక్కన నడిచే కొడుకు ముఖం కూడా ఆవిడకు కనపడలేదు. ఓడ కూత ఒకటి ఎవరో నిద్రలో పిలిచినట్టు వినిపిస్తోంది. ముఖం కనపడదనే కాబోలు, వాడికి నోరు పెగిలింది.

"నేను సూపర్‌వైజర్ని కాదమ్మా. ఆ పని పోయి ఏడాదైంది. ఇప్పుడు వారానికి రెండు పూటలు రేవు ఊడుస్తున్నా. నేను చీటీ చూపించలేదని కౌన్సిల్ వాళ్లు అన్నిటికన్నా పెద్ద కోత వేసేశారు."

"మరి శుక్రవారం కవరు?"

"నాకొచ్చేదంతా అదే."

విన్నీ కాళ్లు ఆగిపోయాయి. వాడు సిగరెట్లు ఎందుకు మానేశాడో, చలికోటు మోచేతులు చిరిగినా ఎందుకు మార్చలేదో ఇప్పుడు తెలిసింది. 

"పిచ్చి వెధవా," అని తడుముకుంటూ వాడి చెయ్యి పట్టుకుంది. ఆఫీసుదాకా వదల్లేదు.

అక్కడ వరసలో వాళ్ల వెనకే మ్యూరియల్ నిలబడి ఉంది. డెరిక్ తలొంచుకుని జీతం చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. మీ అబ్బాయి ఏం పని చేస్తాడని కౌంటరు కిటికీ వెనకున్న అమ్మాయి అడిగింది. చిన్నగా చెప్పమ్మా అన్నట్టు వాడు చంటిపిల్లాడిలా తల్లి కోటు అంచు లాగాడు.

విన్నీ గొంతు గదంతా వినిపించింది.

"రేవు ఊడుస్తాడు. వచ్చిందంతా తెచ్చి నాకే ఇస్తాడు. రాసుకో తల్లీ."