రవీందర్ కొత్త ఇంట్లో పాలు పొంగిన రోజు

రవీందర్ చేసిన పనుల్లో భాస్కర్ మరిచిపోలేనివి చాలానే ఉన్నాయి. కానీ ఆ మంగళవారం మధ్యాహ్నం ఆఫీసు గేటు ముందు కారు ఆపి, అద్దం దించి, అందరూ వినేలా "అక్కా" అని పిలిచాడు చూడండి, దాన్ని మాత్రం కాటికి పోయేదాకా మరువడు.

షిఫ్టు మారే వేళ అది. పొద్దుటి గార్డులు, మధ్యాహ్నం గార్డులు అంతా గేటు దగ్గరే ఉన్నారు. క్యాబు డ్రైవర్లు వరసగా నిలబడి ఉన్నారు. రెండేళ్లుగా ఆ గేటు దగ్గర అతను భాస్కరన్న. సంగతి తెలిసినవాళ్లు పనిలో పడి ఆ మాట ఎత్తడం మానేశారు. తెలియనివాళ్లకు తెలియాల్సిన అవసరం రాలేదు. సొంత తమ్ముడు వచ్చి ఒక్క పిలుపుతో అదంతా నేలపాలు చేశాడు. పిలిచి, పైగా నవ్వాడు.

భాస్కర్ ఆడపిల్లగా పుట్టాడు. పుప్పాలగూడలో అందరూ అలాగే అనుకున్నారు, తను తప్ప. ఏడో తరగతిలో ఓణీ వేసుకుని బడికి పొమ్మంటే బడే మానేశాడు. చదువు రాక మానేసిందని రవీందర్ ఈనాటికీ చుట్టాలకు చెబుతాడు. వచ్చిన సంబంధాలన్నీ తిరగ్గొట్టి, ఊరి పొలాలు టవర్లయ్యాక, సెక్యూరిటీ పనిలో చేరాడు. ఐటీ బిల్డింగుల్లో ఆడవాళ్లను తనిఖీ చేసే పరదా వెనక ఇరవై ఏళ్లు నిలబడ్డాడు. లోపలికొచ్చే ప్రతి అమ్మాయికీ మనసులో క్షమాపణ చెప్పుకునేవాడు, తనది కాని ఇంట్లో దూరినవాడిలా.

నలభై ఏడో ఏట విషజ్వరం వచ్చి దవాఖానలో పడ్డాడు. ఇప్పుడు పోతే తనను చీరలోనే కాలుస్తారన్న ఆలోచన వచ్చింది. ఆ భయం ముందు చావు భయం చిన్నదైపోయింది. జ్వరం తగ్గగానే వేరే డాక్టరును వెతుక్కున్నాడు. సూదులు, ఆపరేషను, కొత్త పేరుతో కార్డు, అన్నీ ఒక్కడే తిరిగి చేయించుకున్నాడు. కంపెనీవాళ్లు ఈ బిల్డింగుకు మార్చి, పార్కింగు పని ఇచ్చారు. ఎవరి ఒళ్లూ తాకాల్సిన పని లేదు. హాయిగా ఉంది.

తల్లి అంజమ్మ మాత్రం ఆ తరువాత అతన్ని చూడలేదు. ఆమె ఉండేది రవీందర్ దగ్గర. ఫోను కూడా రవీందర్‌దే. వారానికోసారి మాట్లాడిస్తాడు. గొంతు మారిన కొత్తలో "గొంతు గట్లున్నదేంది, జలుబా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక జలుబేనన్నాడు. అప్పటినుంచి ప్రతి ఫోనులోనూ జలుబు తగ్గిందా అని అడిగి, మిరియాల కషాయం తాగమని చెబుతూ వచ్చింది.

చాయ్ బండి దగ్గర రవీందర్ అసలు సంగతి విప్పాడు. శుక్రవారం గృహప్రవేశం. తమ పొలంలోనే లేచిన టవర్లో, పందొమ్మిదో అంతస్తు. కొత్త ఇంట్లో ఇంటి ఆడబిడ్డ పాలు పొంగించాలి. తన అక్క సూరత్‌లో ఉద్యోగం చేస్తోందనీ, సెలవు దొరకదనీ, అక్కను పెళ్లిలో ఒక్కసారే చూసిన అత్తగారివాళ్లకు ఇన్నాళ్లూ చెప్పుకొచ్చాడట. ఈసారి అక్క వచ్చి పాలు పొంగిస్తుందని తనే నోరు జారాడు.

"ఒక్క పూట చీర కట్టుకొని రా అక్కా. పాలు పొంగిచ్చి పో."

"ఆ మాట ఇంకోసారి అంటే చాయ్ నీ మొఖాన పోస్త. పేరున్నది నాకు."

రవీందర్ గ్లాసు కింద పెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. గుట్ట పక్క చెలక, తమ మెట్టభూమి మాట తీశాడు. నాయిన పోయే ముందు అది బిడ్డకు పసుపు కుంకుమ కింద ఇవ్వాలని పదిమందిలో చెప్పాడు. కాగితం మాత్రం రవీందర్ పేరున రాసి ఉంది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అడిగినా వినబడనట్టే ఉన్నవాడు, ఇప్పుడు తనంతట తనే రిజిస్ట్రేషన్ చేయిస్తానన్నాడు. శుక్రవారం పాలు పొంగితే, సోమవారం సంతకం.

"మీసం మళ్ల మొలుస్తది. భూమి మొలుస్తదా? ఆలోచించుకో."

పుప్పాలగూడలో ఇప్పుడు గుంట ధర చెబితే వినేవాళ్లు అబద్ధమనుకుంటారు. మియాపూర్‌లో రేకుల గదికి కిరాయి కట్టేవాడికి ఆ మాట ఎలా వినబడుతుందో రవీందర్‌కు తెలుసు. తెలిసే అన్నాడు.

గురువారం సెలవు పెట్టి భాస్కర్ గదిలో తలుపు వేసుకున్నాడు. నలభై ఏడేళ్లు కట్టినవాణ్ణి, ఇంకో పూట కడితే అరిగిపోతానా అనుకున్నాడు. ట్రంకుపెట్టెలోంచి పాత చీర తీసి కుచ్చిళ్లు పెట్టబోయాడు. వేళ్లు ఆ పని మరిచిపోలేదు. రవికె భుజాల దగ్గర పట్టలేదు, ముందువైపు ఖాళీగా వేలాడింది. సరే, కొంగు కప్పుకుంటే కనబడదులే అనుకుని అద్దం ముందుకెళ్లి మీసానికి నురగ రాశాడు.

పల్చటి మీసమే అది. కుడివైపు కాస్త ఎక్కువ, ఎడమవైపు తక్కువ. ఊళ్లో పోరగాళ్లకు పదహారేళ్లకు వచ్చింది తనకు నలభై ఎనిమిదికి వచ్చింది. మొదటిసారి నాలుగు వెంట్రుకలు కనబడిన పొద్దున డ్యూటీకి ఆలస్యంగా పోయి మెమో కూడా తిన్నాడు. బ్లేడు పై పెదవి మీద ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. అద్దంలో మనిషి కళ్లు తడయ్యాయి. ఎవరినో బతిమాలుతున్నట్టున్నాయి. వాడు ఎవరిని బతిమాలుతున్నాడో అర్థమయ్యాక భాస్కర్ చెయ్యి దించేశాడు. నురగ కడుక్కుని, చీర మడిచి, పక్క గది ముసలామెకు ఇచ్చేసి వచ్చాడు.

వెళ్లకుండా ఊరుకోవచ్చు. కానీ అమ్మను చూడకుండా ఇంకెన్నాళ్లు? మోకాళ్లు పనిచేయనామె మియాపూర్ దాకా తనంతట తను రాలేదు. రవీందర్ ఇంటికి రమ్మనడం కూడా రెండేళ్లలో ఇదే మొదలు.

శుక్రవారం తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లాడు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే పట్టుపంచెలో రవీందర్ ఎదురయ్యాడు. ముఖం మాడిపోయింది. చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగాడు.

"ఏంది గిది? ఏమని చెప్పిన, ఎట్లొచ్చినవ్?"

"ఎట్ల ఉన్ననో అట్లనే వచ్చిన."

"అయితే చెలక సంగతి మర్చిపో."

"మర్చిపోయిన. పక్కకు జరుగు, అమ్మను చూడాలె."

గుమ్మం పక్కన కుర్చీలో అంజమ్మ కూర్చుని ఉంది. వచ్చిన ఆడవాళ్లకు పూలు అందించే పని ఆమెకు అప్పజెప్పారు. ఎవరో మగమనిషి వస్తున్నాడని పూలబుట్ట పక్కన పెట్టింది. నడక చూసి తల ఎత్తింది.

"అమ్మా" అన్నాడు.

ఆ గొంతు ఆమెకు ఫోనులో తెలిసిందే. రమ్మని వేలితో సైగ చేసింది. వంగితే రెండు చేతులతో ముఖం పట్టుకుని, బొటనవేలితో మీసం మీద అటూ ఇటూ రాసి చూసింది. రవీందర్ వెనక నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"కషాయం తాగినవా?" అంది చివరికి.

"తాగిన."

"జలుబు కాదని తెల్వదా నీకు? ఎందుకు తాగినవ్ రా?"

"నువ్వు చెప్పినవని."

అంజమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తరువాత అతని తల వంచి పైనుంచి చూసి, అచ్చం మీ నాయిననే అనీ, నడినెత్తిన ఎంట్రుకలు కూడ గట్లనే పోతున్నాయనీ అంది. ఏడుపు తన్నుకొస్తున్న భాస్కర్‌కు నవ్వొచ్చింది.

రవీందర్ మామ ఎల్లయ్య అప్పుడే అటు వచ్చి, ఈయన ఎవరని అడిగాడు. రవీందర్ నోరు తెరిచేలోపల అంజమ్మ జవాబు చెప్పింది.

"నా పెద్దకొడుకు."

"అల్లునికి అన్న ఉన్నడని ఎన్నడు చెప్పలే గద?"

"వాడు చెప్పడు. నేను చెప్తున్న."

లోపలినుంచి పంతులు ముహూర్తం దాటుతోందనీ, ఆడపడుచు ఎక్కడనీ తొందర పెట్టాడు. అందరి చూపులూ రవీందర్ మీద పడ్డాయి. ఇప్పుడు వీడు వేలు పెట్టి తనను చూపిస్తే అన్న ఆలోచనకు భాస్కర్ కాళ్లు లిఫ్టు వైపు తిరిగాయి. అంజమ్మ అతని మణికట్టు వదల్లేదు.

"ఆడబిడ్డ అంటే ఇంట్ల పుట్టిన ఆడపిల్లనే గద పంతులూ? నీహారిక మా ఇంట్ల పుట్టలేదా?"

నీహారిక రవీందర్ కూతురు, పదకొండేళ్లది. పంతులు గడియారం చూసుకుని, దివ్యంగా చేయించవచ్చునన్నాడు. అంత తేలిక సంగతి రవీందర్‌కు తట్టకపోవడంలో వింత లేదు. వాడి లెక్కలో ఆడబిడ్డంటే చీర పెట్టి సాగనంపే మనిషి. సొంత కూతురు ఇంకా అందులోకి రాలేదు.

పిల్లకు మంటంటే భయం. వంటింట్లో పొయ్యి ముందు నిలబడి తల్లి వైపు బెదురుగా చూసింది. రవీందర్ భార్య రజిత ఒక్క క్షణం మొగుడి వైపు చూసి, పెద్దనాన్న వెనక నిలబడతాడులే అని పిల్లకు చెప్పింది. ఆ మాట ఆమె ముందే అనుకుని ఉంచుకుందో, అప్పటికప్పుడు వచ్చిందో భాస్కర్‌కు తెలియదు. వెళ్లి పిల్ల వెనక నిలబడ్డాడు. అగ్గిపుల్ల పట్టుకున్న చిన్న చెయ్యి కింద తన చెయ్యి ఉంచాడు. పొయ్యి అంటుకుంది.

"పెద్దనాన్నా, పొంగుతయా?" అని గుసగుసగా అడిగింది పిల్ల.

"పొంగుతయి. చూస్తనే ఉండు."

మీగడ కదిలి, అంచులు లేచి, పాలు తూర్పు వైపు పొర్లాయి. అందరూ గోవిందా అన్నారు. గుమ్మం దగ్గర కుర్చీలోంచి అంజమ్మ మెడ చాచి చూస్తూనే ఉంది.

భోజనాల్లో భాస్కర్ మగవాళ్ల బంతిలో ఎల్లయ్య పక్కన కూర్చున్నాడు. ఎల్లయ్య పార్కింగు పని గురించి, మియాపూర్ కిరాయిల గురించి అడిగాడు. రవీందర్ వడ్డిస్తూ వచ్చి, అన్నా అనలేదు, అక్కా అనలేదు, చారు పోసి ముందుకు జరిగాడు. చెయ్యి కడుక్కునే దగ్గర మాత్రం, చెలక విషయంల నేనన్న మాట మీదనే ఉన్న అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక రవీందర్ మాట మీద నిలబడింది అదొక్కసారే. నెల తిరగకముందే ఆ చెలకలో రాళ్లు పేల్చి రెండో టవరుకు పార్కింగు తవ్వడం మొదలుపెట్టారు.

అంజమ్మ ఆ సాయంత్రమే మియాపూర్ పోతానని పట్టుబట్టింది. పెద్దకొడుకు గది చూడాలంది. ఆటోలోంచి దించి, మోకాళ్లు నొప్పి పెట్టకుండా ఎత్తుకుని గదిలోకి తీసుకెళ్లాడు భాస్కర్. పక్కింటివాళ్లు ఎవరని అడిగితే, వీని తల్లినని ఆమే చెప్పుకుంది. నాలుగు రోజులు ఉంటానని వచ్చి ఇంకా అక్కడే ఉంది.

ఇంతకూ అతనికి పోయింది పుప్పాలగూడ గుట్ట పక్క చెలక, బావిలో వాటాతో కలిపి, పదిహేడున్నర గుంటలు.