పడవల శాఖవారి గాలి

పొద్దున్నే బట్టలుతికి, బకెట్టు చంకనేసుకుని మేడమీదికెళ్ళి, గాలిమీద ఆరేసుకోవడం ఆ వీధిలో అందరికీ అలవాటు. తాడు కట్టే పనిలేదు, క్లిప్పులు పెట్టే పనిలేదు. దుప్పటి విదిలించి చెయ్యెత్తి వేస్తే చాలు, గాలిమీద అలా పడుంటుంది. కాచి వదిలేసిన పాలమీద మీగడ కట్టినట్టు, వాడకుండా వదిలేసిన రేడియో తరంగాలు కూడా గాలిలో పేరుకుని గట్టిపడతాయి. ఇందులో వింతేముంది? వింతంతా ఆ గాలి ఎవరిదనే దాంట్లోనే ఉంది.

ఆ గాలి పడవల శాఖవారిది.

ఏ పడవలూ అని అడక్కండి. నదిమీద వంతెన కట్టి రెండు తరాలైంది. ఆఖరి పడవని ఎవరో కొనుక్కుని టీకొట్టు చేసుకున్నారు, అదీ మూతపడింది. కానీ పడవలో ఉన్నవాడూ రేవులో ఉన్నవాడూ మాట్లాడుకోవాలని అప్పట్లో ఏ మహానుభావుడో ఆకాశంలోంచి మంచి ముక్క కోసి ఆ శాఖకి రాసిచ్చేశాడు. గోడలు దాటి, గుట్టలెక్కి, మారుమూల గదిలోకైనా దూరిపోయే మేలురకం తరంగాలవి. ఊళ్ళో జనమంతా మిగిలిన కాస్త గాలిలో ఒకరి ఫోన్ల మీద ఒకరు పడి తొక్కుకుంటుంటే, ఆ ముక్క మాత్రం రాని పడవల కోసం ఖాళీగా పడుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారే, అచ్చం అదే.

శాఖ అంటే ఏదో ఊహించుకోకండి. వీధి మొదట్లో మేడమీద రెండు గదులు, అందులో ఇద్దరు మనుషులు. పెద్దాయన్ని వీధంతా రేవుదొర అంటుంది. ఆయన ఏమన్నా "చిత్తం" అనే గుమాస్తాకి చిత్తం అనే పేరు పడింది. వాళ్ళిద్దరికీ ఏడాదికోసారి పని ఉంటుంది. ఆ రోజు రేవుదొర తన గదిలో వైర్‌లెస్ ఎత్తి, "హలో, పడవ ఎక్కడుంది?" అంటాడు. పక్క గదిలోంచి చిత్తం, "రేవులోనే ఉంది సార్," అంటాడు. గాలి వాడుకలో ఉందని పైకి రాసి పంపేస్తారు. మిగతా ఏడాదంతా రేవుదొర కిటికీ దాటి బయటికొచ్చి, గాలిమీద కాళ్ళు చాపుకుని కూర్చుని పేపరు చదువుతాడు. సుఖంగానే ఉంటుంది మరి, ఎవడబ్బ సొమ్మని!

ఆ ఆఫీసుకి ఎదురింట్లో ఓ అత్తా కోడలూ ఉంటారు. ఇద్దరినీ కలిపిన మనిషి పోయాడు, వీళ్ళు మాత్రం విడిపోలేదు. ఆ దిగులుతోనే అత్తకి పక్షవాతం వచ్చి ఓ పక్క పడిపోయింది. నోరు పడలేదు.

"నన్ను మంచాన పడేసిన దేవుడికి ఈ నోరొక్కటీ కనపడలేదా అని నువ్వు లోపల అనుకుంటావు. నాకు తెలుసే," అంటుంది అత్త.

"లోపల ఎందుకత్తయ్యా, పైకే అంటున్నాగా," అంటుంది కోడలు, దువ్వెన తీసుకుని ఆవిడ జుట్టు చిక్కు తీస్తూ.

కోడలు నర్సు. అత్తని చూసుకోవడానికి ఆసుపత్రి ఉద్యోగం మానేసింది. దాచుకున్నదంతా ఊడ్చుకుపోయాక పట్నంలో పెద్దాసుపత్రికి రాస్తే, వాళ్ళు ఇంట్లోంచే చేసే పని ఇస్తామన్నారు. వార్డులో రోగుల పక్కన యంత్రాలుంటాయి. వాళ్ళ గుండెలు ఎలా కొట్టుకుంటున్నాయో ఈవిడ తెరమీద చూస్తూ కూర్చోవాలి. ఎవరి గుండె తడబడినా వెంటనే వార్డుకి చెప్పాలి, భయపడేవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలి. కావలసిందల్లా మధ్యలో తెగని ఇంటర్నెట్టు. నెలాఖరుకి అది ఇంట్లో లేకపోతే పట్నం వచ్చి చేరమన్నారు. పట్నంలో నర్సుల హాస్టల్లో అత్తలకి చోటుండదు. అంటే అత్త ఏ వృద్ధాశ్రమానికో పోవాలి.

"పడేసి పోవే. అక్కడ తిట్టడానికి నాకు బోలెడుమంది దొరుకుతారు," అంది అత్త. అని గోడవైపు తిరిగింది. పొద్దుగూకేదాకా ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

మర్నాడే కోడలు ఇంటర్నెట్టు కంపెనీ ఆఫీసుకి పోయింది. అక్కడ టై కట్టుకున్న కుర్రాడు పటం చూసి పెదవి విరిచాడు. "మీ వీధంతా బండరాయి మేడమ్, తీగ లాగలేం. గాలిమీదే రావాలి. గాలేమో పడవల శాఖది. వాళ్ళు వదిలితే పెట్టె బిగించడం ఎంతసేపు?"

"పోయినేడు వేలంలో మీరూ ఓ ముక్క గాలి కొన్నారుగా, అదేమైంది?"

కుర్రాడు టై సర్దుకున్నాడు. ధర పెరుగుతుందని ఆ ముక్కని కంపెనీ అలాగే అట్టేపెట్టుకుంది. గడ్డివాము దగ్గర కుక్కలు ఒకచోటే ఉండాలని ఎక్కడుంది?

ఇక లాభం లేదని కోడలు తిన్నగా రేవుదొర దగ్గరికే వెళ్ళింది. ఆయన అప్పుడే కిటికీ బయటనుంచి లోపలికొస్తున్నాడు, చేతిలో పేపరు.

"అయ్యా, మీరు వాడని గాలి కాస్త మా వీధికి ఇప్పిస్తే..."

"వాడనిదని ఎవరన్నారమ్మా?"

"పడవలు లేవు కదండీ."

"లేవు కాబట్టే గాలి ఇంత భద్రంగా ఉంది. ఉంటే ఈపాటికి అరిగిపోయేది," అన్నాడు రేవుదొర. ఆ మాటకి తనే ముచ్చటపడి, పక్కగది వైపు చూశాడు.

"చిత్తం," అని వినిపించింది.

"రేపు ఆ వంతెన కూలిందనుకో. పడవలొస్తాయి. పడవవాడు హలో అంటాడు. పలికేదెవరు, నువ్వా?"

"మా అత్తగారిని ఆశ్రమంలో పెట్టాల్సొస్తుందండీ. ఆవిడ అక్కడ బతకదు."

"ఆశ్రమాలు ఇప్పుడు చాలా బాగుంటున్నాయమ్మా. మా అమ్మని అక్కడే ఉంచాను. గదిలో ఫ్యాను కూడా ఉందట."

ఉందట! చూసొచ్చిన మనిషి కాదని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. కోడలికి ఒళ్ళు మండింది, కానీ దున్నపోతు మీద వాన కురిస్తే ఏం లాభం? వచ్చేసింది.

ఇంతలో పైన ఎవరికో బుద్ధి పుట్టింది. అలా పుట్టడం అరుదు కాబట్టి చెప్పుకోవాలి. గాలి విధానం మారుస్తామన్నారు. ఏ శాఖైనా తన గాలిని వాడుతున్నానని కళ్ళముందు చూపిస్తే ఉంచుకోవచ్చు, చూపించలేకపోతే జనం ఇంటర్నెట్టుకి వదిలెయ్యాలి. అది చూడ్డానికి ఓ కమిటీ, ఆ కమిటీకి పెద్దగా ఒకావిడ. ఆవిడ మాట తక్కువ మనిషి, చేతిలో కలం మాత్రం ఎప్పుడూ మూతతీసే ఉంటుంది.

కమిటీ వస్తోందనగానే పడవల శాఖ నిద్రలేచింది. గదుల మధ్య గోడకి అందంగా ఉంటాయని మందపాటి చెక్కపలకలు బిగించారు. చిత్తం ఇల్లిల్లూ తిరిగి, "రేపు గాలిమీద ఎవరూ బట్టలు వెయ్యకూడదు. శాఖ పరువు పోతుంది," అని చెప్పాడు.

"లేని పరువు ఎలా పోతుందిరా?" అంది అత్త మంచంమీంచే. చిత్తం అలవాటుకొద్దీ "చిత్తం" అని వెళ్ళిపోయాడు.

"ఏమేవ్, బీరువా తియ్యి," అంది అత్త. "ఉతికినవీ ఉతకనివీ అన్నీ తడిపి ఆ కిటికీ ఎదురుగా ఆరెయ్యి. నా లంగాలు ముందు వరసలో ఉండాలి. నన్ను పంపిస్తే పంపిస్తారు, పోయేముందు వాడి మొహాన నా లంగాలన్నా ఎగరాలి."

కోడలు బీరువా తీసింది. తెల్లారేసరికి ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ రేవుదొర కిటికీ ముందు బారులు తీరాయి. అది చూసి పక్కింటావిడ పరుపు తెచ్చి గాలిమీద పడేసింది. ఆపై ఇంకో ఇల్లు, మరో ఇల్లు. వీధి పొడుగునా దుప్పట్లు, లుంగీలు, లంగాలు. ఈ జనానికి అంతకుముందు నోరు లేవలేదు గానీ, వద్దన్న పని చెయ్యమంటే ఎక్కడలేని హుషారూ వస్తుంది.

కమిటీ పెద్ద వచ్చి కూర్చుని, "వాడుక చూపించండి," అంది. ఎదురింటి మేడమీద నిలబడ్డ కోడలికి కిటికీలోంచి అన్నీ కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి.

రేవుదొర వైర్‌లెస్ ఎత్తాడు. "హలో, పడవ ఎక్కడుంది?"

పక్క గదిలోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"హలో! పడవ ఎక్కడుందయ్యా?"

ఎలా పలుకుతుంది? ఆ గాలి ఇటుకలా గట్టిపడింది, అందులోంచి మాట దూరి ఎన్నేళ్ళయిందో! ఇన్నాళ్ళూ చిత్తం వింటున్నది గోడలోంచి, బదులిస్తున్నదీ గోడలోంచే. పాపం, ఇద్దరూ అది వైర్‌లెస్సే అనుకుంటున్నారు. ఇప్పుడు చెక్కపలకలు బిగించుకుని ఆ గోడనీ పోగొట్టుకున్నారు. మూడోసారి రేవుదొర వీధి అదిరేలా అరిచాడు. తలుపు తోసుకుని చిత్తం పరుగెత్తుకొచ్చి, "రేవులోనే ఉంది సార్!" అన్నాడు.

"మీరు అరిచారు, ఆయన నడిచొచ్చి చెప్పారు. ఇందులో గాలి చేసిందేమిటి?" అంది కమిటీ పెద్ద.

రేవుదొరకి చెమటలు పట్టాయి. గాలి పోతే శాఖ పోతుంది, శాఖ పోతే కుర్చీ పోతుంది. కళ్ళు అటూ ఇటూ తిరిగి కిటికీ బయట లంగాల మీద ఆగాయి. మునిగేవాడికి లంగా దొరికినా పట్టుకుంటాడు.

"వాడుక లేదంటారేమిటి మేడమ్? అటు చూడండి! వీధి వీధంతా దీనిమీదే బట్టలారేసుకుంటోంది. ఏ శాఖ గాలికైనా ఇంత వాడుక ఉందా?" అంటూ కిటికీ దాటి బయటికెళ్ళి, గాలిమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఇదిగో, నేనూ వాడుతున్నాను. ఎంత గట్టిగా ఉందో చూడండి!"

"అయితే జనం రోజూ వాడుతున్నారంటారు?"

"రోజూ, మేడమ్! తరాలుగా!"

"రాసుకోమంటారా?"

"బంగారంలాంటి మాట. రాసుకోండి."

కమిటీ పెద్ద రాసుకుంది. "జనం వాడుకలో ఉన్న గాలి జనానిదేనని కొత్త విధానంలో మొదటి మాటే ఉంది. మీరే ఒప్పుకున్నారు, ఇక వాదనక్కర్లేదు. వెంటనే వదులుతున్నాం," అని కాగితం ముందుకి లాక్కుంది.

కాస్త తెలివున్నవాడెవడైనా అప్పుడు లోపలికి వచ్చేస్తాడు. రేవుదొర రాలేదు. ఆ శాఖలో సంతకానికీ అమలుకీ మధ్య మనిషి పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకునేంత ఎడం ఉండేది. 'వెంటనే' అంటే తన రిటైర్మెంటు అయ్యాకే అనుకుని, అప్పీలు ఎలా చెయ్యాలా అని గాలిమీదే గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు.

ఆవిడ సంతకం పెట్టింది. పేరుకున్న గాలి వదులైపోయి, వీధి పొడుగునా ఉన్న బట్టలన్నీ ఒక్కసారి దబ్బున కిందపడ్డాయి. వాటితోపాటు రేవుదొర కూడా పడ్డాడు. అత్త లంగాల మీదా, పక్కింటివాళ్ళ పరుపు మీదా పడ్డాడు గనక ప్రాణం మిగిలింది, తుంటి ఎముక మాత్రం విరిగింది. కోడలు పరుగున దిగి, "కదలకండి, కాలు అలాగే ఉంచండి," అని పట్నం పెద్దాసుపత్రి అంబులెన్సు వచ్చేదాకా పట్టుకుని కూర్చుంది. ఆయన మాత్రం "ఉత్తర్వు కాపీ ఇంకా నా చేతికి రాలేదు, ఈ పడ్డం చెల్లదు," అని మూలుగుతూనే ఉన్నాడు. మర్నాడు పేపర్లో 'గాలి సంస్కరణ కోసం నేలకొరిగిన త్యాగశీలి' అని ఆయన ఫొటో వేశారు. పేపరువాళ్ళకి ఆ మాత్రం చాలు.

వీధివాళ్ళు తాళ్ళు కొనుక్కున్నారు, ఉచితంగా బట్టలారే రోజులు పోయాయని రెండ్రోజులు సణుక్కున్నారు. కంపెనీవాళ్ళు మేడమీద పెట్టె బిగించారు. నెలాఖరు రాకముందే కోడలు అత్త మంచం పక్కన బల్ల వేసుకుని, చిన్న స్పీకరు పెట్టుకుని పనిలో కూర్చుంది. తెరమీద వార్డంతా కనిపిస్తోంది. ఒక్కో మంచం, ఒక్కో గుండె.

ఆ మధ్యాహ్నం ఓ గుండె గీత ఉన్నట్టుండి కుంగింది. కోడలు మీట నొక్కి, "కిటికీ పక్క మంచం, గుండె జారుతోంది, పరుగెత్తండి!" అని వార్డుకి చెప్పింది. డాక్టర్లు చుట్టుముట్టారు. సూదులు పొడిచారు. గీత తడబడి తడబడి మళ్ళీ దారిన పడింది. జనం తప్పుకున్నాక దిండుమీద మొహం కనిపించింది. రేవుదొర.

ఆయన కళ్ళు తెరిచి, మంచం పక్క యంత్రం తెరలో కోడలి మొహం చూశాడు. "నువ్వు... ఎదురింటి అమ్మాయివి కదూ?"

"అవునండీ. ఇప్పుడు బాగానే ఉంది, భయపడకండి."

"ఈ లైను మధ్యలో తెగదు కదా?"

"తెగదండీ. మా వీధి గాలి మీద వస్తోంది."

"ఎవరెవరు వాడుతున్నారు దాన్ని?"

"అందరూనండీ. వీధంతా."

రేవుదొర దిండుమీంచి తల ఎత్తబోయాడు. "అందరూ వాడితే ఎలాగమ్మా? నా గుండె దానిమీద నడుస్తోంది! మిగతావాళ్ళని ఆపించు. ఎవరికైనా చెప్పి నాకొక్కడికీ రిజర్వు చేయించు. రేపు నా గుండెకి ఏమన్నా అయితే?"

మంచంమీంచి అత్త విన్నది. "కోసిపారెయ్యవే ఆ లైను. వాడి గుండెలో ఏముందని కాపలా?"

కోడలి చెయ్యి నిజంగానే లైను కట్టేసే మీటవైపు వెళ్ళింది. తెరమీద ఆ గీత నిదానంగా కొట్టుకుంటోంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీ గుండెకి కావలసింది ఇందులో నలుసంత కూడా కాదండీ," అంది చివరికి. "పడుకోండి. మీ తర్వాత ఇంకా చాలామంది ఉన్నారు." అని పక్క మంచాన్ని తెరమీదికి తెచ్చుకుంది. అక్కడో ముసలావిడ పెదాలు తడుపుకుంటూ, "అమ్మా, కాసిని మంచినీళ్ళు," అంటోంది.

"ఇప్పుడే పంపిస్తాను పెద్దమ్మా," అని కోడలు వార్డుకి చెబుతుండగా, వెనకనుంచి అత్త గొంతు లేచింది.

"ఆవిడకి అక్కడివాళ్ళు ఇస్తార్లే. ముందు నాకు పొయ్యి. నేనిక్కడే ఉన్నాగా!"

కోడలు తెరమీంచి చూపు తిప్పకుండానే గ్లాసందుకుని అత్త చేతికిచ్చింది.