నాలుగో అడుగు

ఇరవై రెండేళ్లుగా జనాన్ని ఆ కొండ ఎక్కిస్తున్నాను. ఆడగైడా అని మూతి విరిచినవాళ్లను కూడా చెయ్యి పట్టుకుని క్షేమంగా దించాను. కంపెనీ మా మరిదిది. ఈసారి బయల్దేరేముందే తేల్చి చెప్పాడు. "వదినా, నీకు వయసైపోతోంది. ఈ టూరిస్టును కూడా శిఖరం ఎక్కించకుండా వెనక్కి తెచ్చావంటే ఇక నీకు వంటగదే." నేనా, వంటగదా! ఒళ్లు మండిపోయింది.

ఆఖరి క్యాంపులో పొద్దున్నే నాదొక పద్ధతి. నేల మీద తాడు పరిచి, దాని మీద ముందు కాలి మడమకు వెనక కాలివేళ్లు ఆనించి పది అడుగులు వెయ్యమంటాను. ఆ ఎత్తులో గాలి పలచన. మెదడు వాచడం మొదలైతే అడుగు తడబడుతుంది. తాడు మీంచి కాలు జారినవాడు దిగాల్సిందే, వాడు ఎంతటి మొనగాడైనా సరే.

మా టూరిస్టు మూడో అడుగుకే పక్కకు తూలాడు.

"బూట్లు బాగాలేవు," అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు. దిగుదాం పదండి."

"అంత గొప్ప పరీక్షయితే ముందు మీరు నడవండి!"

"ఓస్, అదెంత పని!" అని తాడెక్కాను.

నాలుగో అడుగు పక్కన పడింది. మళ్లీ మొదటినుంచీ నడిచాను. మళ్లీ అంతే. రెండ్రోజులుగా తల పగిలిపోతోంది. నిద్ర చాలలేదని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. వంటగది భయం అలాంటిది మరి.

ఆయన పగలబడి నవ్వాడు. "చెల్లుకు చెల్లు! ఇక పైకి పదండి."

కింద ఆఫీసులోంచి వాకీటాకీలో మరిది అంతా వింటున్నాడు. "వదినా, నువ్వు తూలావని ఎవరికీ చెప్పనులే. ఇంకో మూడు గంటలేగా. ఎక్కించెయ్."

నిజం చెప్పొద్దూ, 'సరే' అన్నమాట నోటిదాకా వచ్చింది. శిఖరం ఎదురుగా ఎండలో మెరుస్తోంది. ఇన్నేళ్లలో ఎంతమందిని ఏడిపించి దించానో గుర్తొచ్చింది. వాళ్లకో న్యాయం, నాకో న్యాయమా?

"ఏవయ్యా మరిదీ, దాచడం దేనికి? గైడు తూలిందని పెద్దక్షరాల్లో రాసుకో. ఇద్దరం దిగుతున్నాం."

"బాగా ఆలోచించుకో వదినా. దిగావంటే ఇదే నీ ఆఖరి ట్రిప్పు."

నేను తాడు చుట్టి సంచిలో పడేసి దారి పట్టాను. టూరిస్టు తిట్టుకుంటూనే నా వెనక దిగాడు. గంట గడిచేసరికి తిట్లు ఆగిపోయాయి. తిరిగి చూస్తే బండ మీద కూలబడి ఉన్నాడు. నిన్నంతా ఆయన మురిసిపోతూ చెప్పిన కూతురి పేరేంటని అడిగాను. పాపం, ఎంత ఆలోచించినా చెప్పలేకపోయాడు. నాకూ దారి రెండుగా కనబడుతోంది. భయమేసింది. ఆయన్ను లేపి, చెయ్యి నా భుజం మీద వేసుకుని, బండను ఆనుకుని నిలబడ్డాను.

వాకీటాకీ గరగరలాడింది. "వదినా, ఏం ఆలోచించుకున్నావ్?"

"ఆలోచించుకున్నా. నోర్మూసుకుని స్ట్రెచర్ పంపు. ఒకటి కాదు, రెండు."