డెక్కు విన్న ప్రార్థన

"ఇది పదిమంది చేతుల్లో పడాల్సిన వస్తువు కాదు" అంటూనే స్పిరిట్ సీసా, దూది చుట్టిన పుల్ల నా చేతికిస్తారు మా ఆయన. క్యాసెట్ డెక్కు తలుపు తీసి, టేపు రాసుకుంటూ పోయే హెడ్లను తుడవడం నా పని. ఈ డెక్కులో అవి మూడు: ఒకటి చెరపడానికి, ఒకటి రికార్డు చేయడానికి, ఒకటి వినిపించడానికి. ఆయన వేళ్లు లావు, లోపలికి పట్టవు. అందుకని ఆదివారం స్నేహితులు వచ్చేలోపు నేనే తుడిచి పెడతాను. వాళ్లు వచ్చాక, "వారం వారం నేనే శుభ్రం చేస్తానండీ, ఇంకొకరి మీద వదిలితే మనసొప్పదు" అంటారు. నేను కాఫీ కప్పులు పెట్టి లోపలికి వచ్చేస్తాను.

మూతపడిన ఒక స్టూడియో నుంచి ఆయన దాన్ని మోసుకొచ్చిన రోజున అత్తయ్య, "పాత ఇనుము తెచ్చాడు. ఇక దీని చాకిరీ కూడా నీకే" అన్నారు. ఆవిడ నోటి మాట నిజమైంది. కానీ నాకూ అదంటే ఇష్టమే. మీట నొక్కితే తలుపు టక్కున పడిపోదు, పెద్దమనిషి కుర్చీలోంచి లేచినట్టు నిదానంగా తెరుచుకుంటుంది. పాట మొదలైతే అద్దం వెనక శబ్దం కొలిచే రెండు ముళ్లూ ఒకే ప్రాణంలా కదులుతాయి. టేపు మీద ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. ఒక చుక్క కలపదు, ఒక చుక్క దాచదు. ఈ ఇంట్లో చెప్పింది చెప్పినట్టు వినేది ఇదొక్కటే కదా అని ఒకసారి అనిపించి, వెంటనే దేవుడి ముందు లెంపలేసుకున్నాను.

ఆ ఆదివారం ప్లీడరుగారు, లెక్కల మాస్టారు వచ్చారు. మా ఆయన కొత్తగా మైకు కొన్నారు. ముందురోజు పొద్దున్నే దాన్ని హాల్లో దేవుడి అలమర మీద పెట్టి, డెక్కు రికార్డులో ఉంచి స్నానానికి వెళ్లారట. నాకు తెలియదు. "ఇల్లు నిద్రలేచే చప్పుడు పట్టాను. నేనూ ఇంకా వినలేదు. బుస్సుమనే రొద ఎక్కడైనా ఉంటుందేమో చూడండి" అని మీట నొక్కారు. నేను ట్రేతో అప్పుడే గదిలోకి వచ్చాను.

కుళాయి నీళ్లు, ఫ్యాను, తర్వాత నా గొంతు. "అందరినీ చల్లగా చూడు స్వామీ, మా..." అంటుండగా దూరం నుంచి, "ఏమోయ్, నా తువ్వాలేదీ?" నా అడుగుల చప్పుడు. మళ్లీ నేను. "తెలిసీ తెలియక చేసిన తప్పులు..." "అమ్మాయ్, నా కళ్లజోడు చూశావా?" "మీ నెత్తి మీదే ఉంది అత్తయ్యా, వస్తున్నా. ఉండు స్వామీ, ఇప్పుడే వస్తా." మళ్లీ ప్రార్థన మొదలు. మళ్లీ పిలుపు, ఈసారి సబ్బు. "క్షమించు స్వామీ, పిలుస్తున్నారు."

ప్లీడరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "దేవుడికే వాయిదాలిచ్చేసింది చెల్లెమ్మ. మా కోర్టు నయం." మాస్టారు మాత్రం కళ్లు మూసుకుని, "తువ్వాలు దులిపిన చప్పుడు కూడా ఎంత తేటగా వచ్చిందండీ" అన్నారు. "మరి మూడు హెడ్లు" అన్నారు మా ఆయన, మెచ్చుకోలు తనకే అన్నట్టు.

వీధిలో చీర జారిపోయినట్టు నిలబడ్డాను. వాళ్లు నవ్వినందుకు వచ్చిన సిగ్గు సాయంత్రానికి కొంత తగ్గింది. అలమర ముందు కూర్చున్నాక ఇంకో సిగ్గు పట్టుకుంది. ఇన్నేళ్లుగా నిండు మనసుతో ప్రార్థిస్తున్నాననుకున్నాను. ఆ టేపులో చివరిదాకా సాగిన ప్రార్థన ఒక్కటీ లేదు. దేవుడు ఏమీ అనడు కదా అని ఆపాను, మనుషులు అంటారని పలికాను. నేను భక్తి అనుకున్నదానిలో భయం పాలెంత? భర్త పిలిస్తే పలకడమూ పూజేనని మా అమ్మ చెప్పేది. కావచ్చు. మరి ఆ పూజ మధ్యలో దేవుడు పిలిస్తే, ఈ ఇంట్లో ఎవరైనా నన్ను వదులుతారా?

"మొహం అలా పెట్టకు. సరదాకి నవ్వారు" అన్నారు ఆయన అన్నం తింటూ.

"అది నా ప్రార్థన కదండీ."

"అందుకే అంత బాగా వచ్చింది. కావాలంటే దాని మీద ఇంకేదైనా ఎక్కిస్తాలే."

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లగానే మైకు అలమర మీద ఉంచి, అదే క్యాసెట్ మొదటికి తిప్పి పెట్టి, రికార్డు మీట నేనే నొక్కాను. చెరిపే హెడ్డు ముందుంటుంది, రికార్డు చేసేది దాని వెనక. పాత మాటలు పోతూ ఉంటే కొత్తవి ఎక్కుతాయి. ప్రార్థన మొదలుపెట్టాను. "తువ్వాలేదీ?" అన్న పిలుపు వినగానే మోకాలు దానంతటదే లేచింది. చేత్తో అదిమి పెట్టాను. దొంగతనం చేస్తున్నట్టు మొహం వేడెక్కింది. "దీనికి చెవుడేమన్నా వచ్చిందా?" అన్నారు అత్తయ్య. చివరిదాకా వచ్చాక చివరి మాటలు గుర్తురాలేదు. వాటి దాకా వచ్చి ఎన్నాళ్లయిందో. తడుముకుని, మెల్లగా పలికి లేచాను. ఆయన తడి ఒంటితో గుమ్మంలో నిలబడి ఉన్నారు. తువ్వాలు ఆయన వెనకే తీగ మీద ఉంది. క్యాసెట్ తీసి, వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేశాను. అది లేకపోతే ఆ టేపు మీద ఇంకెవరూ ఏమీ ఎక్కించలేరు.

ఆదివారం వాళ్లు వచ్చినప్పుడు దాన్ని నేనే డెక్కులో పెట్టాను. పిలుపులన్నీ వినిపించాయి. వాటి మీదుగా నా గొంతు ఆగకుండా సాగుతోంది. ప్లీడరుగారు కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. నాకు సిగ్గుగానే ఉంది. అయినా లోపలికి వెళ్లకుండా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఏమోయ్, కాసిని మంచినీళ్లు" అన్నారు మా ఆయన.

"ఉండండి, ఇప్పుడే వస్తా" అన్నాను, ఇన్నాళ్లూ దేవుడికి చెప్పినంత మెత్తగా. చివరి మాట అయ్యేదాకా లేవలేదు.