బాబాయి పెట్టిన సంతకం

మా తమ్ముణ్ణి జైలుకు పంపింది జడ్జి కాదు, మా బాబాయి. ఈ మాట నేను ఏడాదిగా కనపడినవాళ్ళకల్లా చెబుతున్నాను. నేను పనిచేసే కుట్టు దుకాణంలో కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పాను.

మేం చిన్నోడు అని పిలిచే మా తమ్ముడు గోడౌన్‌లో బస్తాలు మోసేవాడు. ఆ గోడౌన్ కాపలావాణ్ణి చీకట్లో ఎవడో ఇనుపరాడ్డుతో కొట్టాడు. పోలీసులు చిన్నోణ్ణి పట్టుకుపోయారు. బాబాయి ప్లీడరే, కాకపోతే ఇంటి అద్దెల తగాదాల ప్లీడరు. "మన పిల్లాడి కేసు పరాయివాడి చేతిలో పెడతామా" అంటూ నల్లకోటు దులుపుకుని బయల్దేరాడు. మేమంతా మురిసిపోయాం. ఏడేళ్ళు వేశారు.

విచారణ రోజు నేను మూడో బెంచీలో కూర్చున్నాను. సర్కారు వకీలు చిన్నోడి వైపు చెయ్యి చూపించి, "మిమ్మల్ని కొట్టింది ఇతనేనా?" అని కాపలావాణ్ణి అడిగాడు. కాపలావాడు చిన్నోణ్ణి ఎగాదిగా చూసి, తల అడ్డంగా ఊపాడు. నోరు మాత్రం విప్పలేదు. వకీలు గతుక్కుమన్నాడు. మరుక్షణమే సర్దుకుని, "పోలీసులకు ఇతని పేరే చెప్పారు కదా?" అన్నాడు. "చెప్పాను" అన్నాడు కాపలావాడు. జడ్జి తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. టైపిస్టు చెవిన పడిందే కొడతాడు. సాక్షి తల ఊపాడు, అది రాయించండి అని మన వకీలు లేచి అడగాలి. మన వకీలుగారు ఫైల్లో మొహం దూర్చి ఏదో కాగితం వెతుక్కుంటున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి అరిచాను. బంట్రోతు నన్ను బయటికి గెంటాడు.

అప్పీలుకు వేరే ప్లీడరమ్మను పట్టుకున్నాను. ఆవిడ ఆఫీసు జిరాక్స్ షాపు మీది గది. కింద మిషన్ తిరిగినప్పుడల్లా ఆవిడ బల్ల మీది పెన్నులు దొర్లేవి. మనిషి ముక్కుసూటి, నవ్వడం చేతకాదు.

"పైకోర్టులో కేసు మళ్ళీ మొదట్నించి నడపరు," అంది. "సాక్షుల్ని పిలవరు. మీ తమ్ముణ్ణి కూడా పిలవరు. జడ్జీలు కింది కోర్టు కాగితాలు చదువుతారు. తప్పు ఎక్కడ జరిగిందో మనం చూపించాలి."

"వాడి మొహమైనా చూడరా?"

"చూడరు."

"ఏడేళ్ళు మరీ ఎక్కువ అనైనా అడగొచ్చుగా?"

"అడుగుతాను. కానీ చట్టం గీసిన హద్దులో ఉన్న శిక్షను ఊరికే ముట్టుకోరు. మీరు దానిమీద ఆశ పెట్టుకోకండి."

ఆశ పెట్టుకోవద్దని చెప్పడానికి ప్లీడరెందుకు? పళ్ళు నూరుకున్నాను కానీ, పని విషయంలో ఆవిడకు వంక పెట్టలేం. కాగితాల్లో నలభై ఒకటో ప్రశ్న పట్టుకుంది. జవాబు ఉండాల్సిన చోట అడ్డగీత. ఆ రోజు వేరే కేసు కోసం వచ్చి హాల్లో కూర్చున్న ఇద్దరిని వెతికి పట్టుకుంది. సాక్షి తల ఊపడం చూశామని వాళ్ళిద్దరూ ప్రమాణం చేసి సంతకాలు పెట్టారు.

"ఇక మీ బాబాయి అఫిడవిట్ కావాలి," అంది. "అప్పుడే ఎందుకు లేచి చెప్పలేదో ఆయనే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు రాయమనండి. సొంత కవిత్వం వద్దు."

బాబాయి అప్పటికే రాసిపెట్టుకున్నాడు. కళ్ళజోడు సవరించుకుని చదివాడు: "నేను ఆ సమయమున ఫైలు చూచుచుండుటచే సాక్షి తల ఊపుట గమనించలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సొంత వకీలే చూడలేదని రాసిస్తే, ఇక వాడు తల ఊపాడంటే ఎవడు నమ్ముతాడు బాబాయ్? చూశానని రాయి."

"చూడలేదే తల్లీ. ప్రమాణం చేసి రాసే కాగితమిది."

"నువ్వు చూడకే కదా చిన్నోడు జైల్లో ఉన్నాడు! అబద్ధమాడ్డానికి ఇప్పుడొచ్చిందా నీకు సిగ్గు?"

"చూస్తే ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు."

"అవసరం లేదనుకున్నానని రాయి. ఎలాగూ పనికిమాలిన ప్లీడరువని ఊరంతా తెలుసు."

పిన్ని వంటింట్లోంచి తొంగి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి చేతిలో కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాను. ఆయన ఇంకో కాగితం తీశాడు. చూశాననీ, అప్పుడు చెప్పడం అవసరం లేదని నిర్ణయించుకున్నాననీ రాశాడు. మర్నాడు నోటరీ ముందు సంతకం పెట్టేముందు ఆయన కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. నాకు జాలి కలగలేదు.

ప్లీడరమ్మ చదివి మొహం చిట్లించింది. "నిజంగా చూశారా? ఆయన్ని ఒకసారి పంపండి."

"ఆయనకు ఒంట్లో బాలేదు. అందులో ఉన్నదంతా నిజమే," అన్నాను.

వాదన ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రెండు నెలలకు తీర్పు వచ్చింది. కోర్టు వరండాలో నిలబడి ప్లీడరమ్మ నాకూ బాబాయికీ చదివి వినిపించింది. సాక్షి తల అడ్డంగా ఊపాడన్నది నమ్ముతున్నామన్నారు. వకీలు గమనించక వదిలేసి ఉంటే అది ముద్దాయికి జరిగిన అన్యాయం, విచారణ మళ్ళీ జరపమని ఆదేశించేవాళ్ళం అన్నారు. కానీ వకీలు చూశాడు, చూసి కూడా చెప్పనక్కర్లేదని నిర్ణయించుకున్నాడు. తెలిసి ఎంచుకున్న దారి కలిసిరాలేదని అప్పీలుకు రావడం కుదరదు. శిక్షలో జోక్యం చేసుకోం. అంతే.

ప్లీడరమ్మ కాగితం మడిచి బాబాయి వైపు తిరిగింది. "చూసి ఊరుకున్నారా? మీరు మనిషేనా? చూడలేదు అన్న ఒక్క మాటతో పిల్లాడికి కొత్త విచారణ దొరికేది."

బాబాయి నా వైపు ఒకసారి చూశాడు.

"చూశానమ్మా," అన్నాడు ఆవిడతో. "పొరపాటు నాదే."

శనివారం జైలుకు ఇద్దరం కలిసే వెళ్ళాం. గేటు దగ్గర ఒకరినే లోపలికి పంపుతామన్నారు. ఆయన చిన్నోడి కోసం తెచ్చిన చొక్కాల సంచి నా చేతికిచ్చి, బయట రేకుల కింద కూర్చున్నాడు.

ఇనుప జాలీ అవతల చిన్నోడు సగమయ్యాడు. తీర్పు వాడికి అప్పటికే అందింది.

"బాబాయి చూశాడంట కదే అక్కా," అన్నాడు. "చూసి నోరు మూసుక్కూర్చున్నాడంట. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆయన మొహం నాకు ఇంకెప్పుడూ చూపించకు. చచ్చినా రావద్దని చెప్పు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే వాడు నన్ను కూడా రావద్దంటాడు. నా తమ్ముడి సంగతి నాకు తెలుసు.

"సరేరా," అన్నాను. "చెబుతాను."

బయటికి రాగానే బాబాయి లేచి నిలబడ్డాడు. "చొక్కాలు సరిపోతాయన్నాడా? వచ్చే వారం నన్ను లోపలికి పంపవే, నువ్వు బయట కూర్చుందువుగాని."

"నీ మొహం చూడనన్నాడు," అన్నాను. "ఇంటికి పద."